ఇంట్లో అంటే ఎవరి చేతుల్లో?

"చివరి రోజులు ఇంట్లోనే, అయినవాళ్ళ మధ్యే గడవాలి." ఆరోగ్యం గురించి జరిగే సభల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది. డాక్టర్లు అంటున్నారు, అధికారులు అంటున్నారు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళూ అంటున్నారు. వినటానికి బాగుంటుంది. ఐ.సి.యు. తలుపుల వెనక, ఒంటినిండా గొట్టాలతో, తెలిసిన ముఖం ఒక్కటి కూడా పక్కన లేకుండా పోవాలని ఎవరు మాత్రం కోరుకుంటారు? కానీ అందరూ ఒప్పేసుకునే మాటల్ని కాస్త అనుమానంగా చూడాలని స్త్రీల ఉద్యమం మనకు నేర్పింది. మాతృత్వం గురించి అలాగే అడిగాం. కుటుంబ గౌరవం గురించి అలాగే అడిగాం. ఇప్పుడు చావు గురించి కూడా అడగాలి. ఇంట్లో అంటే ఎవరి చేతుల్లో?

కుటుంబంలో స్త్రీలు చేసే జీతం లేని పని గురించి చాలా ఏళ్ళుగా చదువుతూ రాస్తూ వస్తున్నాను. ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. నయంకాని జబ్బుతో వున్న మనిషికి ఇంటి దగ్గర అందే హాస్పీస్ సంరక్షణ ఒక హక్కు. అందులో సందేహం లేదు. కానీ ఆ హక్కుకయ్యే ఖర్చునంతా స్త్రీల ఒంటి మీద వేసి, దానికి "మన సంస్కృతి" అని పేరు పెడితే అది హక్కు కాదు, మరొక వెట్టి. పైగా మంచం మీద వున్నది స్త్రీ అయితే ఆ సంరక్షణ ఆమె దాకా రావటమే కష్టం.

అసలు హాస్పీస్ అంటే

చనిపోయేవాళ్ళను తీసుకెళ్ళి వదిలేసే చోటు అని మనలో చాలామంది అనుకుంటారు. అది కాదు. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని ఆసుపత్రి చేతులు దులుపుకున్న చోట మొదలయ్యే వైద్యం ఇది. నొప్పి తగ్గించటం, ఆయాసం, వాంతులు, మలబద్ధకం అదుపులో పెట్టటం, పుళ్ళు శుభ్రం చెయ్యటం, భయాన్నీ దిగులునూ వినటం, ఇంటివాళ్ళకు అండగా నిలవటం అన్నీ ఇందులో వున్నాయి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కర్, ఆ తర్వాతే డాక్టరు. చనిపోతున్న మనిషి నొప్పి శరీరానిది మాత్రమే కాదు, మనసుదీ, డబ్బుదీ, సంబంధాలదీ కూడా అని ఆమె చెప్పింది. రోగి మంచం పక్కన గంటలకొద్దీ కూర్చున్న అనుభవంలోంచి వచ్చిన జ్ఞానం అది.

మన దేశంలో మొదటి హాస్పీస్ 1986లో బొంబాయిలో వచ్చింది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన చిన్న క్లినిక్కు, కేరళలో ఊరూరా నర్సులు ఇళ్ళకు వెళ్ళే వ్యవస్థకు దారితీసింది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు ఒక విధానాన్ని ప్రకటించి, పంచాయితీలకు బాధ్యత ఇచ్చింది. 2012లో కేంద్రం జాతీయ కార్యక్రమం తయారుచేసింది. తెలంగాణలో జిల్లా కేంద్రాలూ, ఇళ్ళకు వెళ్ళే "ఆలన" బళ్ళూ వున్నాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో వున్న పాలియేటివ్ కేర్ విభాగం ఎందరో పేద రోగులకు ఆధారం. ఇవన్నీ మెచ్చుకోవలసినవే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరమైతే, అందుతున్నది సుమారు 14 శాతానికే. ఆ మిగతావాళ్ళలో ఎక్కువమంది మనలాంటి దేశాల్లోనే వున్నారు.

నొప్పి సంగతే చూడండి. చట్టబద్ధంగా నల్లమందు పండించే అతి కొద్ది దేశాల్లో మనది ఒకటి. మార్ఫిన్ తయారయ్యేది దానిలోంచే. అయినా 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తర్వాత, శిక్షల భయానికీ లైసెన్సుల గొడవకీ జడిసి ఆసుపత్రులూ మందుల షాపులూ మార్ఫిన్ పెట్టటం మానుకున్నాయి. చట్టాన్ని సవరించటానికి 2014 దాకా పట్టింది. 2017లో లాన్సెట్ కమిషన్ వేసిన లెక్కలో భారతదేశానికి అందుతున్న నొప్పి మందు అవసరంలో 4 శాతం. చట్టం మారింది గానీ బిళ్ళ ఇంకా పల్లెకు రాలేదు. మార్ఫిన్ ఇవ్వకుండా "ఇంట్లో ప్రశాంతంగా పోనివ్వండి" అనటం క్రూరత్వం. ఆ అరుపులు వినాల్సింది ఎవరు? రాత్రి రెండు గంటలకు ఆ పక్కన కూర్చుని వీపు రాస్తూ వుండేది ఎవరు?

"చూసుకున్నాడు"

వారానికి 168 గంటలు. హాస్పీస్ బృందం వారానికొకసారి వచ్చి ఒక గంట వుంటుందనుకుందాం. మన పరిస్థితుల్లో అది చాలా మంచి సేవ కిందే లెక్క. మిగిలిన 167 గంటలు ఎవరివి? ఈ చిన్న లెక్క ఏ కార్యక్రమ పత్రంలోనూ కనపడదు. "కుటుంబ సంరక్షకులు" అని రాసి వుంటుంది. అది స్త్రీపురుష భేదం లేని పదం. ఇంట్లో మాత్రం ఆ భేదం వుంటుంది.

మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుళ్ళు పడతాయి. మార్ఫిన్ బిళ్ళ నాలుగు గంటలకొకసారి వెయ్యాలి, నొప్పి వచ్చాక వేస్తే చాలదు, రాకముందే వెయ్యాలి. దానితోపాటు విరోచనానికి మందు ఇవ్వాలి, ఇవ్వకపోతే మలబద్ధకంతో మరో నరకం. మలం, మూత్రం, వాంతి తియ్యాలి. దుప్పట్లు ఉతకాలి, ఆరెయ్యాలి. నోరు తడి చెయ్యాలి. ఏం తింటుందో అడిగి వండాలి, వండింది తినకపోతే పారబొయ్యాలి. చూడటానికొచ్చిన చుట్టాలకు కాఫీలు ఇవ్వాలి. ఇవన్నీ చేస్తూ పిల్లల బాక్సులు కట్టాలి, నీళ్ళు పట్టాలి. ఏడవటానికి మాత్రం టైముండదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ మధ్య స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణలో వున్నారు. పురుషుల్లో 21.4 శాతం. అందులో వున్న స్త్రీ రోజుకు 140 నిమిషాలు ఇస్తోంది, పురుషుడు 74 నిమిషాలు. పిల్లలూ, వృద్ధులూ, రోగులూ అందర్నీ కలిపిన సగటు ఇది. చివరి దశలో వున్న రోగి వున్న ఇంట్లో గడియారం ఎలా తిరుగుతుందో ఈ సగటు చెప్పదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మ చివరి పదకొండు వారాలూ గుంటూరు జిల్లాలో మా అన్నయ్య ఇంట్లో గడిచాయి. జబ్బు కాలేయానికి పాకింది. పెద్ద ఆసుపత్రి వాళ్ళు చివరి బిల్లు కట్టించుకుని, కాగితం మీద "సపోర్టివ్ కేర్" అని రాసి పంపేశారు. ఆ రెండు మాటలకీ అర్థం చెప్పలేదు. మార్ఫిన్ దొరికే చోటికి బస్సులో వెళ్ళి రావటానికి ఒక రోజంతా పట్టేది. నేను శని, ఆదివారాల్లో వెళ్ళేదాన్ని. మిగతా రోజులన్నీ మా వదినవి. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టి నెలకు నాలుగైదు వేలు సంపాదించుకునేది. ఆ పదకొండు వారాలూ మిషను మీద గుడ్డ కప్పేసి వుంది. ఆ తర్వాత చూస్తే పాత కస్టమర్లు వేరేచోట కుట్టించుకుంటున్నారు. పెద్దకర్మ రోజున చుట్టాలందరూ అన్నమాట: "తల్లిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. కొడుకంటే అలా వుండాలి." ఆ మాట వినిపించిన సమయానికి మా వదిన వంటవాళ్ళకు పప్పు కొలిచి ఇస్తోంది.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు. డబ్బు పెట్టాడు, మందులకు తిరిగాడు, అమ్మ పక్కన కూర్చున్నాడు. నా అభ్యంతరం అతని మీద కాదు, ఆ క్రియాపదం మీద. "చూసుకున్నాడు." మన భాషలో క్రియ చివర మనిషి తెలిసిపోతాడు. "మీ అమ్మగారిని ఎవరు చూస్తున్నారు?" అంటే "పెద్దవాడు చూస్తున్నాడు", "చిన్నవాడి దగ్గర వుంటోంది" అంటాం. చేసిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. లక్షలమంది స్త్రీల పగళ్ళూ రాత్రులూ ఆ ఒక్క అక్షరం "డు"లో మాయమైపోతున్నాయి. మనం చాకిరీ అంటే వాళ్ళు "సేవ" అంటారు. సేవ అన్నాక జీతం అడగకూడదు, సెలవు అడగకూడదు, విసుగు రాకూడదు.

చట్టాలూ ఇలాగే చూస్తాయి. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే స్త్రీలను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో, సెక్స్ వర్కర్లతో కలిపి ఉత్పాదకత లేనివాళ్ళ వర్గంలో చేర్చారు. దాన్ని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో తప్పుపట్టాల్సి వచ్చింది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 2019లో దానికి పెట్టిన సవరణ బిల్లు కోడలినీ అల్లుడినీ కూడా "పిల్లలు" అనే నిర్వచనంలో చేర్చబోయింది. అది చట్టం కాలేదు గానీ ఆ ఆలోచన ఎటు పోతోందో గమనించండి. కాగితం మీద అల్లుడూ వుంటాడు, కోడలూ వుంటుంది. అత్తగారి డైపర్ మార్చటానికి అల్లుడిని ఎవరు పిలుస్తారు? ఆస్తిలో వాటా లేని మనిషికి బాధ్యతలో మాత్రం వాటా రాసిపెట్టబోయారు.

మంచం మీద వున్నది స్త్రీ అయితే

"ఎవరి చేతా చేయించుకోకుండా, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి." మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళందరూ అనే మాట ఇది. దేవుడి ముందు దీపం పెట్టి అడిగేదీ ఇదే. దీన్ని మనం వైరాగ్యం అనుకుంటాం. కొంచెం ఆగి ఆలోచిస్తే ఇందులో వున్నది భయం. అరవై ఏళ్ళు అందరికీ చేసిన మనిషి తనకు ఒకళ్ళు చెయ్యాల్సి వస్తుందేమోనని ఎందుకు భయపడాలి? ఎందుకంటే తనకు ఎంతమాత్రం దక్కుతుందో ఆమెకు తెలుసు. భర్త జబ్బు పడితే భార్య చేస్తుంది. భార్య జబ్బు పడితే "ఎవరైనా ఆడమనిషిని పిలిపించండి" అంటారు.

మొదటి కాన్పుకు పుట్టింటికి పంపటం మన ఆచారం. నయంకాని జబ్బుకూ పుట్టింటికి పంపే ఆచారం ఒకటి వుంది, దాని గురించి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు. "బాగుచేయించి పంపండి" అని దింపి వెళతారు. బాగుకాదని ఇద్దరికీ తెలుసు. అక్కడ డెబ్భై ఏళ్ళ తల్లి నలభై ఏళ్ళ కూతురికి చేస్తుంది. రొమ్ము కాన్సర్ పుండుగా మారి, గర్భాశయ ముఖ కాన్సర్‌తో మూత్రం, మలం అదుపు లేకుండా కారుతున్న స్త్రీలను నేను చూశాను. వాళ్ళను ఇంట్లోనే వుంచారు, కానీ పెరట్లో రేకుల గదిలో, పశువుల కొట్టం పక్కన వసారాలో. కారణం వాసన. మెట్రోనిడజోల్ బిళ్ళను పొడిచేసి పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గిపోతుంది. ఏ మందుల షాపులోనైనా దొరికే చవక బిళ్ళ అది. ఆ సంగతి చెప్పే ఒక నర్సు గడప తొక్కి వుంటే ఆమె మంచం మళ్ళీ ఇంట్లోకి వచ్చేది, మనవడు పక్కన కూర్చునేవాడు. హాస్పీస్ సంరక్షణ అవసరం అని నేను గట్టిగా అనేది ఇందుకే.

నొప్పి విషయంలోనూ ఇదే. పురుటి నొప్పుల దగ్గర్నుంచీ "ఓర్చుకోవాలమ్మా" అనే మాట వింటూ పెరిగిన స్త్రీ తన నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగితే ఏం చెబుతుంది? "ఫర్వాలేదు" అంటుంది. ఆమె ఓర్పు మనకు సద్గుణం, డాక్టరుకు సౌకర్యం. మార్ఫిన్ అంటే "అలవాటు పడిపోతుంది" అని కొడుకో భర్తో వద్దంటారు. డాక్టరు సలహాతో సరైన మోతాదులో ఇస్తే నొప్పి తగ్గుతుందే గానీ వ్యసనానికి భయపడి ఆపాల్సిన పనిలేదని పాలియేటివ్ వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. ఇంతకీ ఇంకో నెలో రెండు నెలలో బతికే మనిషికి అలవాటు గురించి భయం ఎవరికోసం?

అన్నిటికంటె పెద్ద అన్యాయం, ఆమెకు చెప్పకపోవటం. "అమ్మకు తెలియనివ్వకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు." రిపోర్టులు కొడుకు సంచిలో వుంటాయి. ఎంతకాలం, ఏ వైద్యం, ఏ ఆసుపత్రి, ఏ ఇల్లు అన్నీ హాల్లో మగవాళ్ళ మధ్య నిర్ణయమవుతాయి. పెళ్ళి ఎప్పుడో, పిల్లలెందరో, ఆపరేషను ఎవరికో ఆమెను అడగనట్టే చావు గురించీ అడగరు. ఎవరికి ఏమివ్వాలో, ఎవరిని చూడాలో, ఎవరితో గొడవ తీర్చుకోవాలో ఆమెకూ వుంటుంది కదా. ఆ సమయాన్ని దొంగిలించటాన్ని ప్రేమ అంటున్నాం.

"ఇంట్లో" అనే మాటకు ముందు ఇల్లనేది వుండాలి. అద్దె ఇళ్ళల్లో వుండేవాళ్ళను అడగండి. ఆయువు దగ్గరపడిందని తెలియగానే "వేరే ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అనే యజమానులు హైదరాబాదు బస్తీల్లోనే కాదు, మధ్యతరగతి కాలనీల్లోనూ వున్నారు. నక్షత్రం మంచిది కాకపోతే నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలనే నమ్మకం మనకుంది మరి. ఇక ఒంటరి స్త్రీ, పిల్లల్లేని వితంతువు, కుటుంబం వెలివేసిన సెక్స్ వర్కరు, హిజ్రా — వీళ్ళకు ఏ ఇల్లు? "అయినవాళ్ళ మధ్య" అనే విధానంలో అయినవాళ్ళు లేనివాళ్ళకు చోటెక్కడ?

డబ్బిచ్చి తెచ్చుకున్న చేతులు

డబ్బున్నవాళ్ళు ఈ సమస్యను "పరిష్కరించుకున్నారు". ఏజెన్సీకి ఫోను చేస్తే పన్నెండు గంటలకో ఇరవై నాలుగు గంటలకో కేర్ టేకర్ వస్తుంది. ఆమె కూడా స్త్రీయే. ఉత్తరాంధ్ర నుంచో, గోదావరి జిల్లాల నుంచో, తెలంగాణ పల్లెల నుంచో వచ్చిన, ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల స్త్రీ. నేను మాట్లాడినవాళ్ళలో చాలామందికి వారానికో సెలవు లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, జీతంలోంచి ఏజెన్సీ ఎంత పట్టుకుంటోందో తెలియదు. రోగి మంచం పక్కనే నేల మీద పడుకుంటారు. రోగి శరీరాన్ని ముట్టుకోవటానికి ఆమె చేతులు పనికొస్తాయి, మంచినీళ్ళ గ్లాసు మాత్రం ఆమెకు విడిగా పెడతారు. రోగి చనిపోయిన రోజునే ఉద్యోగం పోతుంది. నెలల తరబడి ఒక మనిషిని ఎత్తి పట్టుకున్న దుఃఖం ఆమెకూ వుంటుందని ఎవరికీ తట్టదు.

పల్లెల్లో ఆ పని ఆశా కార్యకర్త మీద పడుతోంది. ఆమెను ప్రభుత్వం ఉద్యోగిగా ఒప్పుకోదు, "వలంటీరు" అంటుంది. జీతం అనదు, పారితోషికం అంటుంది. ఇంట్లో కోడలిది సేవ, ఊళ్ళో ఆశాది సేవ, నగరంలో ఆయాది చవక కూలి. మధ్యతరగతి స్త్రీ తన భారాన్ని దించుకున్నదంటే అది మరో స్త్రీ తల మీదకు వెళ్ళిందన్నమాటే. కాబట్టి పరిష్కారం ఒక ఇంటికి సంబంధించింది కాదు.

రెండు అభ్యంతరాలు

ఇలా మాట్లాడినప్పుడల్లా రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: "ప్రేమతో చేసేదానికి కూడా లెక్కలు కడతారా? పాశ్చాత్యుల్లా అందర్నీ హోముల్లో పడేద్దామంటారా?" నేను ఆ మాట అనలేదు. మా వదిన మా అమ్మను ప్రేమించింది. అది నేను చూశాను. కానీ ప్రేమ వుంది కాబట్టి నడుము నొప్పి రాదా? ప్రేమ వుంది కాబట్టి నిద్ర అక్కర్లేదా? ప్రేమ స్త్రీల సొంతమే అయితే, మగవాళ్ళు తల్లిదండ్రుల్ని ప్రేమించటం లేదని ఒప్పుకోవాలి. సంస్కృతి పేరు చెప్పేవాళ్ళు ఇందుకు సిద్ధమేనా? ఇంకోమాట. ఇంటి దగ్గర సంరక్షణ చవక అని ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. ఎవరికి చవక? ఆసుపత్రి ఖర్చు పుస్తకంలోంచి పోయిన అంకె వదిన కుట్టుమిషను మీద పడ్డ గుడ్డలో వుంది. లెక్క రాయనంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు.

రెండో అభ్యంతరం మనవాళ్ళదే. "ఇంట్లో సంరక్షణ అంటే స్త్రీలను మళ్ళీ వంటింట్లోకి నెట్టటమే, కాబట్టి దీన్ని వ్యతిరేకించాలి" అనే మిత్రులున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ వ్యతిరేకిస్తే మిగిలేది ఏమిటి? పొలం అమ్మించి వెంటిలేటరు మీద పెట్టే కార్పొరేట్ ఆసుపత్రి. అప్పు తీర్చేది మళ్ళీ ఆ ఇంటి స్త్రీలే, మెళ్ళో పుస్తెలతో సహా. హాస్పీస్ రాకపోయినా మనుషులు ఇంట్లోనే చనిపోతున్నారు, నర్సు లేకుండా, మార్ఫిన్ లేకుండా. ఆ చాకిరీ ఇప్పటికే స్త్రీల మీద వుంది. నర్సును వద్దంటే అది తగ్గదు, ఇంకా పెరుగుతుంది. మన పోరాటం ఇంటికి వచ్చే వైద్యం మీద కాదు. వారానికి ఒక గంట ఇచ్చి మిగిలిన 167 గంటలకు జవాబుదారీ లేకుండా తప్పుకునే విధానం మీద.

చూసుకున్నవాళ్ళకు మాట

ఇక్కడ ఒక పాత కేసు గుర్తు చేసుకోవాలి. 1973లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో లైంగిక దాడికి గురై, తిరిగి స్పృహలోకి రాని నర్సు అరుణా శానబాగ్‌ను తోటి నర్సులు 2015లో ఆమె చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, చూసుకున్నారు. కారుణ్య మరణం గురించి 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునే అందరూ చర్చించారు. అందులో మరో సంగతి వుంది. ఆమె తరఫున మాట్లాడే అర్హత ఆమెను ఇన్నేళ్ళూ చూసుకున్న ఆసుపత్రి సిబ్బందికే వుందని కోర్టు అన్నది. అంటే చూసుకున్నవాళ్ళకు మాట వుంటుంది. ఆ సూత్రాన్ని మన ఇళ్ళల్లోకి తీసుకొస్తే ఏమవుతుంది? రాత్రుళ్ళు మేలుకున్న కోడలికి, కూతురికి, ఆయాకి నిర్ణయంలో మాట వుండాలి. అందరికంటె ముందు ఆ మంచం మీద వున్న స్త్రీకి వుండాలి.

చట్టం దీనికి ఒక చిన్న తలుపు తెరిచింది. గౌరవంగా మరణించటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది. స్పృహలో వున్నప్పుడే, రేపు నాకు ఏ వైద్యం వద్దో, నా తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకోవచ్చని అన్నది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో రాసి, నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. మాట్లాడేవాళ్ళ పేర్లు ఒకటి కంటె ఎక్కువ కూడా రాసుకోవచ్చు. పెద్దకొడుకు పేరే రాయాలని ఎక్కడా లేదు.

ఏం అడగాలి?

మార్ఫిన్ బిళ్ళ ప్రతి ఏరియా ఆసుపత్రిలో దొరకాలి, దాన్ని రాయటం తెలిసిన డాక్టరు వుండాలి. ఇంటికొచ్చే బృందం రోగి అవసరాన్ని బట్టి రావాలి, బండి ఖాళీని బట్టి కాదు. రాత్రి ఫోను ఎత్తే నర్సు వుండాలి. చావు ఆఫీసు వేళల్లో రాదు.

చూసుకునే మనిషికి ఆమె పేరు మీద డబ్బు రావాలి. కేరళలో "ఆశ్వాసకిరణం" పథకం కింద మంచాన వున్నవాళ్ళను చూసుకునేవాళ్ళకు నెలకు 600 రూపాయలు పెట్టారు. మొత్తం చూస్తే సిగ్గుపడాలి, కానీ ఆ పని ఒక పని అని ఒప్పుకున్నందుకు గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్ళ పెన్షను 2024లో 15,000 రూపాయలకు పెరిగింది. మంచి పనే. మంచాన్ని లెక్కపెట్టగలిగిన ప్రభుత్వం మంచం పక్కన నిలబడ్డ మనిషినీ లెక్కపెట్టగలదు. మనం కనీస వేతనంతో సమానమైన మొత్తం అడగాలి.

చూసుకునేవాళ్ళకు విరామం కావాలి. నెలకు కొన్ని రోజులు రోగిని చేర్చుకునే పడకలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వుండాలి. అయినవాళ్ళు లేనివాళ్ళకు, ఇల్లు లేనివాళ్ళకు ప్రభుత్వ హాస్పీస్ వుండాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి పిల్లల సంరక్షణకు ఉద్యోగకాలం మొత్తంలో 730 రోజుల సెలవు వుంది. చివరి దశలో వున్నవాళ్ళ సంరక్షణకూ విడిగా జీతంతో కూడిన సెలవు కావాలి, ప్రైవేటులోనూ కావాలి. అందులో సగం కొడుకులు తప్పనిసరిగా తీసుకోవాలి, వాళ్ళు తీసుకోకపోతే అది వేరొకరికి మారకూడదు. కేర్ టేకర్లకు కనీస వేతనం, ఇ.ఎస్.ఐ., వారానికి సెలవు ఇవ్వని ఏజెన్సీల లైసెన్సు రద్దుచెయ్యాలి. ఆశాలను ఉద్యోగులుగా గుర్తించాలి.

మన సంఘాలు చేయవలసినవీ వున్నాయి. నెలవారీ సమావేశంలో ఒక పూట, నాకు ఏ వైద్యం కావాలి, ఏది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని ఒక్కొక్కరూ రాసుకునే కార్యక్రమం పెట్టవచ్చు. జిల్లా ఆసుపత్రికి వెళ్ళి మార్ఫిన్ వుందో లేదో అడిగి, లేదంటే లిఖితపూర్వకంగా తీసుకోవచ్చు. ఊళ్ళో ఎవరి పెరట్లోనైనా రేకుల గదిలో ఒక స్త్రీ వున్నదంటే ఇద్దరం వెళ్ళి ఆ తలుపు తట్టవచ్చు.

1986లో హైదరాబాదు స్త్రీల సంఘం మరికొందరితో కలిసి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. స్త్రీల శరీరం మీద ఆమెకు చెప్పకుండా ప్రయోగాలు చెయ్యటానికి వీల్లేదని అడిగింది. పుట్టించే శరీరం గురించి అప్పుడు అడిగిన ప్రశ్నలనే పోతున్న శరీరం గురించి ఇప్పుడు అడగాలి. ఆమెకు చెప్పారా? ఆమెను అడిగారా? ఆ పని ఎవరు చేస్తున్నారు, వాళ్ళకేం ఇస్తున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని ఏ విధానానికైనా, దానికి ఎంత చక్కని పేరు పెట్టినా, మనం తల వూపనవసరం లేదు.